యల్లాప్రగడ సుబ్బారావు గారు – కోడిపిల్ల కడుపులోని మిత్రజీవులు

పెర్మిలి పరిసర గ్రామాలలో తెల్లవారగానే గంప ఎత్తిన వెంటనే బయటికి ఉరికే తల్లికోడిని, దాని వెనుక పరుగులు తీసే పిల్లలను చూడనివారుండరు. తల్లి కాళ్ళతో గీరిన చోటనే పిల్లలు ముక్కుతో పొడుస్తాయి. అక్కడ గింజ ఉన్నదా, పురుగు ఉన్నదా, తల్లి రెట్ట ఉన్నదా అన్న భేదం వాటికి లేదు. చూచేవారికి అది అశుభ్రంగా తోచవచ్చును. కాని ఆ పొడుపులోనే తల్లి నుండి పిల్లకు సంక్రమించే ఒక ఆస్తి ఉన్నది. కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో పిల్ల ప్రేగులలోకి చేరి, అక్కడ కాపురముండి, రోగకారక జీవులకు చోటు లేకుండా చేస్తాయి. ఈ సంగతిని శాస్త్రలోకం గ్రహించడానికి చాలా కాలం పట్టింది. ఆ సుదీర్ఘ కథకు నడిమి భాగంలో ఒక తెలుగు వ్యక్తి నిలిచి ఉన్నారు. ఆయన కోళ్ళను గూర్చి పరిశోధించినవారు కారు. అయినా ఆయన ప్రయోగశాలలో పుట్టిన రెండు పదార్థాలు ప్రపంచంలోని కోళ్ళ పెంపకాన్నే ఒక మలుపు త్రిప్పినవి. ఆ వ్యక్తి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాల్గవవాడు. తండ్రి అనారోగ్యం వలన ఉద్యోగం చాలా ముందుగానే మానుకోవలసి వచ్చింది. ఇంట లేమి తాండవించింది. పదమూడేళ్ళ వయసులో ఈ బాలుడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. వైరాగ్యం చేత కాదు, అక్కడి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించవచ్చునన్న ఆశ చేత. తల్లి వెదకి పట్టి ఇంటికి తెచ్చింది. వెంకమ్మ గారు అక్షరాలు నేర్చినదెంతో గాని, పిల్లవాని చదువు విషయంలో ఆమె పట్టుదలకు మాత్రం హద్దు లేదు. తన నగలను అమ్మి చదివించింది.

ఇంత చేసినా సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పారు. మూడవ ప్రయత్నంలో మదరాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైనారు. పరీక్షాఫలితాలు వచ్చిన రోజున కంటతడి పెట్టుకొనే పిల్లలు, వారిని మందలించే తల్లిదండ్రులు ఏటేటా కనిపిస్తూనే ఉంటారు గనుక ఈ చిన్న విషయాన్ని దాటవేయకుండా వ్రాయవలసి వచ్చినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసిన పిమ్మట ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మొగ్గింది. సన్న్యసించాలని కోరుకున్నారు. తల్లి అంగీకరించలేదు. మిషన్ పెద్దలు సైతం వైద్యవిద్య అభ్యసించి రోగులకు సేవ చేయడమే ఉత్తమమని నచ్చజెప్పారు. అలా ఆయన మదరాసు వైద్య కళాశాలలో చేరారు. అవి స్వదేశీ ఉద్యమపు రోజులు. ఖద్దరుతో కుట్టించిన శస్త్రచికిత్సా దుస్తులు ధరించి తరగతికి వెళ్ళినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు. ఫలితంగా వ్రాత పరీక్షలలో బాగా వ్రాసినప్పటికీ పూర్తి డిగ్రీకి బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే పనికి కుదిరారు.

ఈ కాలంలోనే ఆ కుటుంబంపై పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధితో సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలోనే ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. ఇది ఉష్ణదేశాలలో కనబడే ప్రేగుల జబ్బు. ఆగని విరేచనాలు, నోటిపూత, రక్తహీనత, రోజురోజుకూ కృశించే దేహం దీని లక్షణాలు. తిన్నది ఒంటబట్టదు. చిన్నప్రేగులో ఉండదగని సూక్ష్మజీవులు ఉండదగినంతకు మించి పెరగడం, ప్రేగు గోడలు దెబ్బతిని పోషకాలను పీల్చుకోలేకపోవడం ఇందులో జరుగుతాయని తరువాతి కాలంలో తెలిసింది. ఆనాడు దానికి మందు లేదు. సుబ్బారావు గారికీ ఆ వ్యాధి సోకగా లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారని చెబుతారు. ఈ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించిందని చెబుతారు.

1919లో ఆయనకు శేషగిరి గారితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయంతోను విదేశయాత్రకు సిద్ధమై, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరంలో దిగారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్ళారు. ఆ మూడేళ్ళు ఎన్నడూ పూర్తి కాలేదు. ఆయన మరి స్వదేశం చూడలేదు. ఆయన ఘనతను కీర్తించే వ్యాసాలలో శేషగిరి గారి ఊసు ఒక వాక్యంతో ముగుస్తుంది. పాతికేళ్ళకు పైగా ఎదురుచూచిన ఆ ఇల్లాలి ఓర్పుకు ఆ ఒక్క వాక్యం చాలదు.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యవిద్యా సంస్థలో చేరారు గాని చేతిలో డబ్బు లేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేసి పొట్ట పోసుకున్నారు. పట్టభద్రుడైన వైద్యుడు ఆ పనికి సిగ్గుపడలేదు. డిప్లొమా అనంతరం జీవరసాయన శాస్త్ర విభాగంలో ఆటో ఫోలిన్ గారి ప్రయోగశాలలో ప్రవేశం లభించింది. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరపు పాళ్ళను రంగును బట్టి కొలిచే విధానాన్ని వీరిరువురు 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు విధానమన్న పేరుతో అది జీవరసాయన పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి. అనే శక్తిధారక పదార్థాన్ని వెలికి తీశారు. మనిషి చేయి కదిపినా, కోడి రెక్క విదిల్చినా ఖర్చయ్యే శక్తి ఈ ఏ.టి.పి. రూపంలోనే ఉంటుంది. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే సంవత్సరం స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. 1930లో సుబ్బారావు గారికి డాక్టరేటు లభించింది. ఇంతటి పని చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరిలోని లెడర్లీ పరిశోధనాలయానికి తరలివెళ్ళారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయినారు. ఇక్కడినుండి కథ కోడిపిల్లల దగ్గరకు వస్తుంది.

అప్పటికి కొన్ని సంవత్సరాలుగా పలుచోట్ల పలువురు ఒకే పదార్థం చుట్టూ, అది ఒకటేనని తెలియకుండానే, తిరుగుతూ ఉండిరి. బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గర్భిణులలో, ముఖ్యంగా మిల్లు కార్మిక స్త్రీలలో, కనబడే ఒక రకపు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం ఇస్తే అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. అమెరికాలో కోడిపిల్లలకు ఎంచి ఎంచి శుద్ధిచేసిన ఆహారం పెట్టినప్పుడు అవి ఎదగక, ఈకలు సరిగా రాక, రక్తహీనతతో చచ్చిపోవడం గమనించారు. వాటికి కావలసిన అజ్ఞాత విటమిన్‌కు ఒక పేరు పెట్టారు. మరొక చోట పాలను పులియబెట్టే సూక్ష్మజీవులలో ఒకటైన లాక్టోబాసిల్లస్ కేసీ పెరగడానికి ఒక పదార్థం కావాలని తేల్చారు. పాలకూర ఆకుల నుండి ఇలాంటిదే ఒకటి 1941లో తీసి, ఆకుకు లాటిను మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమన్నారు. స్త్రీల రక్తం, కోడిపిల్ల ఈక, పెరుగుజాతి బాక్టీరియా, పాలకూర – ఈ నాలుగింటికీ కావలసినది ఒక్కటే.

దానిని శుద్ధరూపంలో పట్టుకోవడమే సుబ్బారావు గారి బృందం పెట్టుకున్న లక్ష్యం. కాలేయం నుండి తీసిన సారంలో అది అత్యల్పంగా ఉంటుంది. ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి త్రాసు పనికిరాదు. అందుకు వారు సూక్ష్మజీవినే త్రాసుగా వాడారు. లాక్టోబాసిల్లస్ కేసీ ఉన్న గాజుగొట్టంలో ఆ సారం చుక్క వేస్తే, విటమిన్ ఎంత ఉంటే బాక్టీరియా అంత పెరిగి ద్రవం అంత మసకబారుతుంది. కోడిపిల్లలు మరొక త్రాసు. లెడర్లీలో స్టోక్‌స్టాడ్ అనే యువ శాస్త్రవేత్త 1943లో కాలేయం నుండి దానిని స్ఫటికరూపంలో వేరుచేయగలిగారు. 1945లో ఆ బృందం దానిని కృత్రిమంగా తయారుచేసి ప్రపంచానికి అందించింది. మరుసటి సంవత్సరానికే ఉష్ణదేశపు స్ప్రూ రోగులకు దానినిచ్చి నయం కావడాన్ని వైద్యులు చూచారు. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఇరవై ఐదేళ్ళకు పైబడి, సముద్రాల అవతల, అలా దొరికింది. ఈనాడు బడిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వారానికొకసారి మింగించే నీలిరంగు ఇనుము మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

అదే కాలంలో మరొక సంగతి బయటపడింది. ఎలుకలకు సల్ఫా మందులు ఆహారంలో కలిపి పెట్టినప్పుడు వాటికి ఫోలిక్ ఆమ్లపు లోటు ఏర్పడింది. తిండి మారలేదు, మందు ప్రేగులలోని బాక్టీరియాను చంపింది, అంతే. అనగా ప్రేగులలోని ఆ చిన్న ప్రాణులు తాము బ్రతుకుతూ తమకు నీడనిచ్చిన జీవికి కొంత విటమిన్‌ను వండి పెడుతున్నవన్నమాట. వాటిని చంపితే ఇంటి వంటవాడిని వెళ్ళగొట్టినట్లే.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను కూడా ఈ బృందమే తయారుచేసింది. అమినోప్టెరిన్ అనే అట్టి మందుతో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలు ప్రకటించారు. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. 1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలు జబ్బుకు మందు. గడ్చిరోలి జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే. మాత్ర మింగేవారిలో ఎందరికి దాని వెనుక ఒక తెలుగువాడున్నట్లు తెలుసు?

ఇక అరియోమైసిన్ విషయం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెన్సిలిన్ అద్భుతాలు చేస్తున్నప్పటికీ అది లొంగదీయలేని జబ్బులు చాలా ఉండేవి. మట్టిలోని సూక్ష్మజీవులలో ఇంకొక మందు దొరకవచ్చునని సుబ్బారావు గారు నమ్మారు. అప్పటికే అధ్యాపక వృత్తి నుండి విరమించి డెబ్బై ఏళ్ళు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుని పిలిపించి ఆ పని అప్పగించారు. దేశదేశాల నుండి మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించగా, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి 1945లో దొరికింది. దాని నుండి తీసిన మందుకు ఆ రంగును బట్టియే అరియోమైసిన్ అని పేరు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే జ్యేష్ఠ సంతానం. 1948 జూలైలో దానిని వైద్యలోకానికి పరిచయం చేశారు. విచిత్రమేమనగా స్ప్రూ వ్యాధికి వైద్యులు తరువాతి కాలంలో ఇచ్చే రెండు మందులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండింటి మూలాలూ ఆ ఒక్క పరిశోధనాలయంలోనే ఉన్నవి.

ఆ పరిచయ సభ జరిగిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టు 9న, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించిన సంగతి తెలిసింది. అప్పటికి ఆయన వయస్సు 53. పేరుకోసం ఆయన ఎన్నడూ ముందుకు రాలేదు. తన బృందం కనుగొన్న వాటిని ఇతరుల పేర్లతోనే ప్రకటింపజేసేవారు. అందువల్లనే ఆ పేరు చాలాకాలం మరుగున ఉండిపోయింది. భారత తపాలా శాఖ ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో స్మారక తపాలాబిళ్ళ విడుదల చేసింది.

ఆయన పోయిన నాలుగు నెలలకు, అదే సంవత్సరం డిసెంబరులో, అదే పరిశోధనాలయంలో మరొక ప్రయోగం మొదలైంది. సోయా వంటి శాకాహార మాంసకృత్తులు మాత్రమే తినే కోడిపిల్లలు సరిగా ఎదగవు. వాటికి బి12 విటమిన్ కావాలి. అరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిలో ఆ విటమిన్ ఉంటుంది గనుక థామస్ జూక్స్, స్టోక్‌స్టాడ్ గార్లు దానిని పిల్లలకు పెట్టి చూచారు. విటమిన్ వల్ల రావలసిన దానికంటే ఎక్కువ పెరుగుదల కనిపించింది. కారణం వెదకగా ఆ పిప్పిలో మిగిలిపోయిన రవంత అరియోమైసినే అని తేలింది. రోగం లేని కోడికి కూడా రోజూ మందు పెడితే త్వరగా బరువెక్కుతుందన్నమాట! ఎందుకు బరువెక్కుతుందో నేటికీ శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. కాని లాభం కంటికి కనబడుతున్నప్పుడు కారణం కోసం ఎవరాగుతారు? 1951లో అమెరికా ప్రభుత్వం పశువైద్యుని చీటీ అక్కరలేకుండానే దాణాలో ఆంటీబయాటిక్స్ కలపడానికి అనుమతించింది. అనతికాలంలో అది ప్రపంచమంతటా వ్యాపించింది.

దాని మూల్యం తరువాత తెలిసింది. బోస్టను సమీపంలోనే ఒక కోళ్ళ క్షేత్రంలో స్టూవర్ట్ లెవీ అనే వైద్యుడు జరిపిన పరిశీలన 1976లో వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా తిన్న కోళ్ళ ప్రేగులలో వారం రోజులకే ఆ మందుకు చావని బాక్టీరియా నిండిపోయినవి. ఆరు నెలలలోపే ఆ మందు ముట్టని క్షేత్రపు కుటుంబీకుల ప్రేగులలో కూడా అట్టివి కనిపించినవి. మనిషిని బ్రతికించడానికి ఎంతో శ్రమపడి తీసిన మందు మనిషికి పనికిరాకుండా పోయే దారి అలా తెరచుకున్నది. ఇందులో సుబ్బారావు గారి దోషమేమీ లేదు. ఆయన రోగికి మందు వెదికారు. రోగం లేని కోడికి పెట్టినవారు వేరు.

స్వీడన్ దేశం 1986లోనే పెరుగుదల కోసం దాణాలో ఆంటీబయాటిక్స్ కలపడాన్ని నిషేధించింది. యూరోపు సమాఖ్య 2006 జనవరి నుండి పూర్తిగా మాన్పించింది. అమెరికాలో మనుషులకు ముఖ్యమైన మందులను బరువు కోసం వాడే పద్ధతి 2017 నుండి ఆగింది. మన దేశంలో 2019లో కొలిస్టిన్ అనే మందును కోళ్ళకు, పశువులకు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది.

మరి వీటికి బదులేమిటి? సమాధానం ఫిన్‌లాండ్ దేశం నుండి వచ్చింది. 1970ల ఆరంభంలో అక్కడి కోళ్ళలో సాల్మొనెల్లా అనే రోగక్రిమి ప్రబలింది. నుర్మి, రంటాలా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రశ్న వేసుకున్నారు. పెద్దకోడికి ఇది అంత సులభంగా అంటదు. పిల్లకు ఎందుకు అంటుతుంది? పొదిగే యంత్రంలో పుట్టిన పిల్లకు తల్లి లేదు. తల్లి గీరిన మట్టి లేదు. దాని ప్రేగులు ఖాళీ ఇల్లు. ముందు ఎవరు వస్తే వారిదే ఆ ఇల్లు. వారు ఆరోగ్యవంతమైన పెద్దకోడి ప్రేగులలోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లల నోటిలో వేసి చూచారు. ఆ పిల్లలకు సాల్మొనెల్లా అంటుకోవడం బాగా తగ్గింది. 1973లో ఈ ఫలితం ప్రకటితమైంది. ఆల్లపల్లి నుండి సిరొంచ వెళ్ళే బస్సులో మొదట ఎక్కినవారికే కూర్చునే చోటు దొరికినట్లు, ప్రేగు గోడపైన కూడా ముందు చేరిన మిత్రజీవులకే చోటు. వెనుక వచ్చిన శత్రువు నిలబడలేక దిగిపోవలసిందే. పైగా ఈ మిత్రజీవులలో లాక్టోబాసిల్లస్ జాతివి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి ప్రేగులను పులుపెక్కిస్తాయి. ఆ పులుపును సాల్మొనెల్లా భరించలేదు.

1974లో పార్కర్ అనే శాస్త్రవేత్త పశువుల దాణాలో కలిపే ఇట్టి మేలుచేసే జీవులను ప్రోబయాటిక్స్ అనే మాటతో వ్యవహరించారు. ఫోలిక్ ఆమ్లాన్ని తూచడానికి ఒకనాడు త్రాసుగా నిలిచిన లాక్టోబాసిల్లస్ కుటుంబమే ఇప్పుడు మందు స్థానంలోకి వచ్చి కూర్చున్నది. వేడిచేసి గుళికలుగా తయారుచేసే దాణాలో లాక్టోబాసిల్లస్ బ్రతకదు గనుక, గట్టి పెంకు వంటి బీజరూపంలో వేడిని ఓర్చుకొనే బాసిల్లస్ సబ్టిలిస్ వంటివి అందులో కలుపుతారు.

వీటిని సర్వరోగ నివారిణిగా తలచడం మాత్రం పొరపాటు. అన్ని రకాల ప్రోబయాటిక్స్ ఒకే ఫలితం ఇవ్వవు. క్లోరిన్ ఎక్కువైన నీటిలో కలిపితే అవే చస్తాయి. ఒకవైపు ఆంటీబయాటిక్ ఇస్తూ మరొకవైపు ఇవి ఇవ్వడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది. దానికి టీకా వేయించక తప్పదు. టీకా మాని వీటిని నమ్ముకున్న ఇంట గంప ఖాళీ అవుతుంది.

హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా వంటి జాతుల పిల్లలు పొదిగే యంత్రాలలోనే పుట్టి పల్లెలకు వస్తాయి. వాటికి తల్లి వాసన తెలియదు. మొదటి రోజులలో వాటికి వెచ్చదనం, శుభ్రమైన నీరు, పశువైద్యుడు సూచించిన ప్రోబయాటిక్, వేళకు టీకా అందించాలి. ఇంట పిల్లలతో తిరుగుతున్న ఆరోగ్యవంతమైన నాటుకోడి ఉన్నట్లయితే, రాత్రివేళ ఆ పిల్లలను దాని రెక్కల క్రింద చేర్చి చూడవచ్చును. ఒప్పుకొనే కోడి ఒప్పుకుంటుంది, పొడిచే కోడి పొడుస్తుంది. ఒప్పుకున్నట్లయితే తెల్లవారి గంప ఎత్తగానే ఆ యంత్రపు పిల్లలు కూడా మిగిలినవాటితో పాటు తల్లి గీరిన మట్టిలో ముక్కు పెడతాయి.